ముంపుకు, తుపానుకు దెబ్బతిన్న ఇంటికి పరిహారం: విజయవాడ, గుంటూరు ఇంటి యజమానులకు సమగ్ర మార్గదర్శి

నీళ్లు తగ్గాక నష్టం రాసుకోవడానికి వచ్చే వార్డు సచివాలయం ఉద్యోగి మీ గడపలో పది నిమిషాలకు మించి ఉండరు. వాళ్లకు ఆ వీధిలో ఇంకా ఎన్నో ఇళ్లుంటాయి. ఆ పది నిమిషాల్లో యాప్‌లో ఒక వరుస ఎక్కుతుంది: డోర్ నంబరు, పేరు, ఆధార్, ఇల్లు ఏ రకం, దెబ్బ ఎంత, ఒక ఫొటో. తర్వాత తహసీల్దార్ చూసేదీ, కలెక్టరేట్‌కు వెళ్లేదీ, బ్యాంకులో డబ్బు పడేదీ ఆ వరుసను బట్టే. అది తప్పుగా ఎక్కితే ఆర్నెల్లు ఆఫీసుల చుట్టూ తిరగాలి. అసలు ఎక్కకపోతే మీ ఇల్లు మునిగినట్టే లెక్కలో ఉండదు. అందుకే ఈ వ్యాసంలో ఎక్కువ భాగం ఆ పది నిమిషాలకు ముందు ఏం సిద్ధం చేసుకోవాలన్నదాని మీదే ఉంటుంది.

ముందు ప్రాణం, తర్వాత ఫొటో, ఆ తర్వాతే చీపురు

ఇంట్లోకి అడుగు పెట్టేముందు మెయిన్ ఆపండి. మీటరు బోర్డు తడిసి ఉంటే దాన్ని ముట్టుకోకుండా సీపీడీసీఎల్ 1912కి ఫోన్ చేసి స్తంభం దగ్గరే సరఫరా ఆపించండి. నీళ్లలో మునిగిన ఎంసీబీలు, ఆర్‌సీసీబీలు (ప్రమాదంలో కరెంటు ఆపే స్విచ్‌లు) ఆరినా నమ్మకూడదు. లోపల ఒండ్రు చేరితే షార్ట్ అయినా, కరెంటు లీకైనా అవి ట్రిప్ కాకపోవచ్చు, కాబట్టి మార్చేయాల్సిందే. కరెంటు తిరిగి ఇచ్చే ముందు ఎలక్ట్రీషియన్‌తో మెగ్గర్ (ఇన్సులేషన్ కొలిచే పరికరం) పెట్టించి వైరింగ్ ఇన్సులేషన్ చూపించుకోండి. రీడింగ్ ఒక మెగాఓమ్ కంటే తక్కువ వస్తే ఆ లైను వాడవద్దు.

ఇక ఫొటోలు. బురద కడిగే తొందరలో చాలామంది తమ సాక్ష్యాన్ని తామే కడిగేసుకుంటారు. గోడ మీది నీటి చార మీకున్న అతి బలమైన ఆధారం. దాని పక్కన టేపు నిలబెట్టి, అంకెలు కనిపించేలా ఫొటో తీయండి. హాల్లో ఒకటి, వంటింట్లో ఒకటి, బయటి గోడ మీద ఒకటి తీయాలి. ఫోన్‌లో లొకేషన్ ఆన్‌లో ఉంచి, తేదీ, సమయం, జీపీఎస్ ఫొటో మీదే పడే కెమెరా యాప్ వాడండి. ఒక ఫొటోలో డోర్ నంబరు పలక, ఇంటి ముఖం, నీటి చార మూడూ కలిపి కనిపించాలి. ఆ ఒక్క ఫొటో లేక నిలిచిపోయే అర్జీలు తక్కువేం కాదు.

నీళ్లు నిలిచి ఉన్నన్ని రోజులూ, పై అంతస్తులో తలదాచుకున్నా సరే, రోజుకొక ఫొటో ఉండాలి. విపత్తు సహాయ నిధి నిబంధనల్లో బట్టలకు, వంట పాత్రలకు ఇచ్చే సాయం ఇల్లు కొట్టుకుపోయిన, పూర్తిగా దెబ్బతిన్న, లేదా రెండు రోజులకు మించి తీవ్రంగా మునిగిన కుటుంబాలకే. ‘రెండు రోజులకు మించి’ అన్నది మాటతో తేలదు, వరుసగా మూడు తేదీల ఫొటోలు ఉంటే తేలుతుంది.

పాడైన ఫ్రిజ్, వాషింగ్ మెషిన్, మోటారు పారేసేముందు ప్రతిదాని వెనక ఉండే మోడల్, సీరియల్ నంబరు పలకను ఫొటో తీయండి. ఇన్సూరెన్స్ ఉంటే మాత్రం నష్టం లెక్కగట్టడానికి కంపెనీ పంపే సర్వేయరు చూసేదాకా పారేయనే వద్దు. ఇంట్లో చోటు లేకపోతే వరండాలో పేర్చి, ‘వాసన వస్తోంది, తీసేయవచ్చా’ అని సర్వేయరుకు వాట్సాప్‌లో అడిగి, ‘తీసేయండి’ అన్న జవాబు వచ్చాకే కదిలించండి.

ఏ పద్దు కింద ఎంత వస్తుంది?

రెండు రకాల డబ్బు ఉంటుంది. వీటిని కలిపి మాట్లాడటం వల్లే కౌంటర్ దగ్గర సగం గొడవలు.

మొదటిది, ఎప్పుడూ ఉండే విపత్తు సహాయ నిధి. 2022-23 నుంచి 2025-26 వరకు కేంద్రం ఖరారు చేసిన నిబంధనల ప్రకారం మైదాన ప్రాంతంలో పూర్తిగా ధ్వంసమైన ఇంటికి 1,20,000 రూపాయలు. పాక్షికంగా, అంటే కనీసం 15 శాతం దెబ్బతింటే పక్కా ఇంటికి 6,500, కచ్చా ఇంటికి 4,000. గుడిసెకు 8,000. ఇంటిని ఆనుకున్న పశువుల కొట్టానికి 3,000. బట్టలకు కుటుంబానికి 2,500, పాత్రలకు 2,500. ఆ కాలం దాటిన తర్వాతి నష్టానికైతే అప్పుడు అమల్లో ఉన్న రేట్లు ఎంతో తహసీల్దార్ ఆఫీసులో అడగండి. రేట్లు మారినా కింద చెప్పే పద్ధతి పెద్దగా మారదు.

రెండోది, పెద్ద విపత్తు వచ్చినప్పుడు రాష్ట్ర ప్రభుత్వం విడిగా ప్రకటించే ప్యాకేజీ. 2024 ఆగస్టు 31, సెప్టెంబరు 1 తేదీల్లో బుడమేరు వాగుకు గండ్లు పడి విజయవాడలో సింగ్‌నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరిపేట, కండ్రిక, వాంబే కాలనీ మునిగాయి. అవే రోజుల్లో ప్రకాశం బ్యారేజీ నుంచి 11 లక్షల క్యూసెక్కులకు పైగా నీరు వెళ్లింది. ఆ విపత్తుకు గ్రౌండ్ ఫ్లోర్ మునిగిన ఇంటికి 25,000, మొదటి అంతస్తు, ఆపై వాళ్లకు 10,000 ప్రకటించారు. కిరాణా వంటి చిన్న దుకాణాలకు 25,000, టూ వీలర్లకు 3,000, ఆటోలకు 10,000 అన్నారు. ఇలాంటి ప్యాకేజీ వస్తుందో రాదో నష్టం జరిగిన రోజు ఎవరికీ తెలియదు. కానీ వచ్చినప్పుడు అందరూ చూసేది ముందే చేసిన నమోదునే. 6,500 రూపాయల కోసం ఇంత తిప్పలెందుకని నమోదు వదిలేసిన యజమాని పెద్ద ప్యాకేజీ ప్రకటించిన రోజు జాబితాలో ఉండరు.

ఒక మాట సూటిగా చెప్పాలి. స్లాబు ఇల్లు మునిగి తలుపులు, వైరింగ్, టైల్స్ పోయిన వాళ్లకు ప్రభుత్వ డబ్బు మరమ్మతు ఖర్చులో చిన్న ముక్క. మీకు ఇన్సూరెన్స్ ఉంటే ఎక్కువ శ్రమ అక్కడ పెట్టండి. రేకుల ఇల్లు, పెంకుటిల్లు ఉన్నవాళ్లు మాత్రం ‘పూర్తిగా’, ‘పాక్షికంగా’ అన్న మాట దగ్గరే గట్టిగా నిలబడాలి. ఆ రెండు మాటల మధ్య తేడా లక్ష రూపాయలు దాటుతుంది.

15 శాతాన్ని ఎలా చూపించాలి

‘కొంచెం దెబ్బతింది’ అని మీరు నోటితో అంటే ఉద్యోగి ‘నిల్’ రాసినా తప్పు పట్టలేరు. కొలతలు చెప్పండి. ఉదాహరణకు 24 అడుగులకు 30 అడుగుల రేకుల ఇల్లు అనుకుందాం. తెల్ల కాగితం మీద ఇలా రాసి ఉంచండి:

మొత్తం రేకులు 20. ఎగిరిపోయినవి 5, పగిలినవి 2. ఊడిన జె-బోల్టులు ఇన్ని. దక్షిణపు గోడ, 9 అంగుళాల ఇటుక, మొత్తం పొడవు 30 అడుగులు. కూలింది 8 అడుగులు. పునాది దగ్గర మట్టి కోసుకుపోయిన లోతు ఇన్ని అంగుళాలు. తలుపులు 4లో ఉబ్బి పనికిరానివి 3.

దీన్నిబట్టి కప్పులో మూడో వంతుకు పైగా పోయిందని ఎవరికైనా తెలుస్తుంది. మున్సిపల్ లైసెన్సు ఉన్న ఇంజినీరుతో ఒక పేజీ అంచనా సంతకంతో తీసుకుంటే ఇంకా మంచిది. అందులో మరమ్మతు ఖర్చు, ఇంటి నిర్మాణ విలువ రెండూ వేయించండి. ఖర్చు ఒక్కటే వేస్తే శాతం తేలదు.

గోడ బీటల విషయంలో జాగ్రత్త. ప్లాస్టరు మీది సన్నని గీతల ఫొటోలు పది తీసి ఇస్తే అసలైన దెబ్బ వాటి కింద పడిపోతుంది. గోడను ఏటవాలుగా చీల్చిన బీట, స్తంభం దగ్గర బయటపడిన ఇనుము, కుంగిన నేల, ఈ మూడింటినే ముందు పెట్టండి. బీటలో ఒక రూపాయి బిళ్ల దూర్చి ఫొటో తీస్తే వెడల్పు చూడగానే తెలుస్తుంది.

చేతిలో ఉండాల్సిన కాగితాలు

ఇంటి పన్ను రసీదు, అందులోని అసెస్‌మెంట్ నంబరు. కరెంటు బిల్లు, సర్వీస్ నంబరు. ఆధార్, బియ్యం కార్డు ఉంటే అది. బ్యాంకు పాస్‌బుక్ మొదటి పేజీ. రిజిస్ట్రేషన్ దస్తావేజు లేదా పట్టా నకలు. ప్లాను ఉంటే మంజూరు కాగితం. మూడు సెట్లు జిరాక్స్ తీయించి, ఒకటి ఫోన్‌లో స్కాన్ చేసి పెట్టుకోండి.

తడిసిన దస్తావేజును ఎండలో ఆరబెట్టవద్దు, ఇస్త్రీ పెట్టవద్దు, తడి మీద లామినేషన్ అసలే వద్దు. పేజీలను మెల్లగా విడదీసి, మధ్యలో తడి పీల్చే తెల్ల కాగితాలు పెట్టి, ఫ్యాను గాలికి నీడలో ఆరనివ్వండి. పేజీలు విడిపోకుండా అతుక్కుంటే ప్లాస్టిక్ కవర్లో పెట్టి ఫ్రీజర్లో ఉంచండి. బూజు పట్టకుండా ఆగుతుంది, తీరిక చూసుకుని విడదీయవచ్చు. అసలు దస్తావేజే పోయినా కంగారు అక్కర్లేదు. 1983 నుంచి జరిగిన లావాదేవీలకు ఈసీ (ఆస్తి లావాదేవీల ధ్రువపత్రం) ఆన్‌లైన్‌లో దొరుకుతుంది. అందులోని దస్తావేజు నంబరు, సంవత్సరం పట్టుకుని పటమట, గుణదల, గాంధీనగర్, ఏ సబ్-రిజిస్ట్రార్ ఆఫీసులో రిజిస్టరైతే అక్కడ సర్టిఫైడ్ నకలు తీసుకోవచ్చు.

ఇల్లు చనిపోయిన తండ్రి పేరు మీద ఉండటం మన దగ్గర చాలా ఎక్కువ. పన్ను రసీదు ఆయన పేరు మీద, ఆధార్ మీ పేరు మీద ఉంటే పేరు కలవలేదని ఫైలు ఆగుతుంది. మరణ ధ్రువపత్రం, తహసీల్దార్ ఇచ్చే కుటుంబ సభ్యుల ధ్రువపత్రం, మిగతా వారసుల నుంచి ‘సాయం ఫలానా వారికి ఇవ్వడానికి మాకు అభ్యంతరం లేదు’ అన్న సంతకాలు జతచేయండి. అన్నదమ్ముల మధ్య వాటా తగువు ఉంటే దాన్ని ఇక్కడికి తేవద్దు. డబ్బు ఎవరి ఖాతాలో పడినా వాటాలు మారవని ముందే కాగితం మీద రాసుకోండి.

ప్లాను లేని ఇళ్ల సంగతి కూడా చెప్పాలి. ఇల్లు అనుమతి ఉన్న నిర్మాణమేనని అధికారులు ధ్రువీకరించాలన్న షరతు కేంద్ర నిబంధనల్లోనే ఉంది. పన్ను రసీదు ఒక్కటే అనుమతికి రుజువు కాదు. బుడమేరు గట్టునో, కొండ వాలునో, పోరంబోకులోనో ఉన్న ఇళ్లకు ఇంటి నష్టం పద్దు దగ్గర అడ్డం పడేది ఇదే. అలాంటప్పుడు పట్టా, క్రమబద్ధీకరణ కాగితం ఏదున్నా పెట్టండి. ఏదీ లేకపోతే బట్టలు, పాత్రల సాయానికి విడిగా అర్జీ ఇవ్వండి. అది ఇంటికి కాదు, అందులో ఉన్న కుటుంబానికి ఇచ్చేది.

అద్దెకున్నవాళ్లు ఉంటే ముందే మాట్లాడుకోండి. గోడ, కప్పు నష్టం యజమానిది, సామాను నష్టం ఉంటున్నవాళ్లది. ఇద్దరూ ఒకే పద్దుకు పేరు ఇస్తే ఇద్దరిదీ ఆగుతుంది.

నమోదు రోజు

తాళం వేసి ఉన్న ఇల్లు తప్పిపోతుంది. బంధువుల ఇంట్లో తలదాచుకున్నా, మీ వీధికి ఏ రోజు వస్తారో సచివాలయంలో కనుక్కుని ఇంటి దగ్గర ఒకరు ఉండండి. కుదరకపోతే పక్కింటి వాళ్లకు కాగితాల సెట్టు, మీ నంబరు ఇచ్చి వెళ్లండి.

ఉద్యోగి రాస్తుండగా నాలుగు సంగతులు అడిగి చూడండి. డోర్ నంబరు పాతదా, కొత్తదా? విజయవాడలోనూ గుంటూరులోనూ చాలా ఇళ్లకు రెండూ ఉంటాయి, పన్ను రసీదులో ఉన్నదే ఎక్కాలి. అపార్ట్‌మెంట్ అయితే ఫ్లాట్ నంబరు, అంతస్తు విడిగా ఎక్కాయా? లేకపోతే ఒక డోర్ నంబరు కింద ఒక కుటుంబమే మిగులుతుంది. మీ కుటుంబం హౌస్‌హోల్డ్ మ్యాపింగ్, అంటే సచివాలయం రికార్డులో కుటుంబం నమోదు, ఈ సచివాలయం కిందే ఉందా? సొంతూరిలో మ్యాప్ అయి ఉంటే యాప్‌లో ఇక్కడ పేరు కనిపించదు, అప్పుడు చేత్తో రాయించి అర్జీ ఇవ్వాలి. చివరిగా, దెబ్బ ఏ రకం కింద పెట్టారు? ఆ స్క్రీన్‌ను ఫొటో తీసుకోనివ్వమని మర్యాదగా అడగండి, చాలామంది కాదనరు. ఆ ఉద్యోగులు కూడా రోజుల తరబడి నిద్రలేకుండా తిరుగుతుంటారు. కేకలు వేస్తే పని చెడుతుంది, కొలతల కాగితం చేతికిస్తే పని జరుగుతుంది.

నమోదు కాకముందే ఇంట్లో మరమ్మతు తప్పకపోతే, కారుతున్న కప్పుకు టార్పాలిన్ కట్టడం లాంటి తాత్కాలిక పనులే చేయండి. ప్రతి పనికీ ముందు, తర్వాత ఫొటో, ఖర్చుకు బిల్లు ఉండాలి. నమోదు అయ్యాక ప్లాస్టరు, సున్నం, టైల్స్, తలుపులు మార్చడం ఇబ్బంది కాదు. గోడ ఎత్తడం, స్తంభం, స్లాబు ముట్టుకునే పని మాత్రం వార్డు ప్లానింగ్ కార్యదర్శిని అడిగి మొదలుపెట్టండి. లేకపోతే కొత్త కట్టడంగా చూసి నోటీసు ఇచ్చే అవకాశం ఉంది.

జాబితాలో పేరు లేకపోతే

జాబితా సచివాలయం గోడకు అంటిస్తారు. ఫోన్‌తో ప్రతి పేజీ ఫొటో తీసుకోండి, రెండు రోజుల్లో అది చిరిగిపోవచ్చు. 2024లో తొలి జాబితాలో రానివాళ్ల అర్జీలు మళ్లీ తీసుకున్నారు, కాబట్టి పేరు లేదని వదిలేయకండి.

అర్జీ ఒక పేజీ దాటకూడదు. డోర్ నంబరు, ముంపు తేదీలు, నీటి ఎత్తు, ఏ పద్దు కింద ఏం కావాలో, జతచేసిన కాగితాల లెక్క. ‘దయచేసి న్యాయం చేయగలరు’ అన్న వాక్యం కంటే ‘నా డోర్ నంబరును ఫలానా తేదీన మళ్లీ పరిశీలించి పాక్షిక నష్టం కింద నమోదు చేయవలసిందిగా కోరుతున్నాను’ అన్నది పని చేస్తుంది. కచ్చితంగా ఏం చేయాలో చెప్పిన అర్జీని ‘పరిష్కరించాం’ అని ఊరికే మూసేయడం కష్టం.

ఇవ్వాల్సిన వరుస ఇది: ముందు సచివాలయం, తర్వాత తహసీల్దార్, ఆపైన ఆర్డీవో. రెండో ప్రతి మీద ముద్ర, తేదీ వేయించుకోకుండా ఎక్కడా కాగితం వదలవద్దు. ముద్ర వేయబోమని అంటే స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచండి. సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో ఇస్తే ఆన్‌లైన్ నంబరు వస్తుంది, 1100కి ఫోన్ చేసి దాని స్థితి అడగవచ్చు. పని జరగకుండానే మూసేస్తే అదే అర్జీని మళ్లీ తెరిపించండి. కొత్తది పెడితే మొదటి తేదీ పోతుంది.

అప్పటికీ కదలకపోతే సమాచార హక్కు చట్టం. మండల ఆఫీసుకు 5 రూపాయలు, జిల్లా ఆఫీసుకు 10 రూపాయల ఫీజు. తెల్ల రేషన్ కార్డు వాళ్లకు ఫీజు లేదు. ‘నాకు ఎందుకు రాలేదు’ అని అడగవద్దు, అది సమాచారం కాదని తిప్పి పంపుతారు. ఇలా అడగండి: ఫలానా డోర్ నంబరుకు సంబంధించిన నష్టం నమోదు పత్రం నకలు, పరిశీలించిన అధికారి హోదా, తిరస్కరించి ఉంటే ఆ ఉత్తర్వు నకలు. 30 రోజుల్లో జవాబు రావాలి. రాకపోతే ఆ తర్వాత 30 రోజుల్లో మొదటి అప్పీలు వేయాలి.

పేరు ఉంది, డబ్బు పడలేదు

ఇక్కడ తప్పు ఎక్కువసార్లు బ్యాంకు దగ్గర ఉంటుంది. ఖాతాకు ఆధార్ ‘ఇచ్చాను’ అంటే సరిపోదు. ప్రభుత్వ డబ్బు ఆధార్ మీద వస్తే ఎన్‌పీసీఐ మ్యాపర్‌లో (ఏ ఆధార్‌కు ఏ బ్యాంకో చూపే జాబితాలో) ఏ బ్యాంకు ఉందో అందులోకే వెళ్తుంది, ఆ మ్యాపర్‌లో ఒక్క బ్యాంకే ఉంటుంది. ఎప్పుడో తెరిచి వదిలేసిన ఖాతాలో డబ్బు పడి ఉండొచ్చు, ఆ ఖాతా మూసి ఉంటే వెనక్కి పోయి ఉండొచ్చు. ఆధార్ వెబ్‌సైట్‌లో బ్యాంక్ సీడింగ్ స్థితి చూడండి. మార్చాలంటే బ్రాంచిలో ‘డీబీటీ (ప్రభుత్వ డబ్బు నేరుగా ఖాతాలో పడటం) కోసం సీడింగ్’ ఫారం ఇవ్వాలి, కేవైసీ ఫారం కాదు. సరిచేశాక సచివాలయంలో రాతపూర్వకంగా చెప్పండి, లేకపోతే మళ్లీ పంపాలని ఎవరికీ తెలియదు.

ఇన్సూరెన్స్ ఉన్నవాళ్లకు

ఇంటి రుణం ఉంటే ముందు బ్యాంకును అడగండి. రుణంతో పాటే ఇంటికి పాలసీ తీసుకుని ఉండొచ్చు, చాలామందికి ఆ సంగతే తెలియదు. 2021 ఏప్రిల్ నుంచి ఇళ్లకు ఉన్న ప్రామాణిక పాలసీ ‘భారత్ గృహ రక్ష’. తుపాను, వరద అందులో ఉంటాయి. భవనంతో పాటు సామానుకు కూడా తీసుకుంటే, భవనం బీమా మొత్తంలో 20 శాతం వరకు, గరిష్ఠంగా 10 లక్షల దాకా సామానుకు విడిగా జాబితా ఇవ్వకుండానే రక్షణ వస్తుంది.

క్లెయిము ఆ రోజే ఫోన్‌లో చెప్పి, ఈమెయిల్ కూడా పంపండి. ‘నీళ్లు కారాయి’, ‘చెమ్మ’ అన్న మాటలు రాయవద్దు. పాత చెమ్మ పాలసీలోకి రాదు, ఆ ఒక్క మాట పట్టుకుని క్లెయిము తోసేస్తారు. ‘ఫలానా తేదీ రాత్రి ఇన్ని గంటలకు వరద నీరు గడప దాటి లోపలికి వచ్చింది, 4 అడుగుల ఎత్తు నిలిచింది’ అని జరిగింది జరిగినట్టు రాయండి. గాలికి పోయిన కప్పుకైతే వాతావరణ శాఖ అమరావతి కేంద్రం ఆ రోజు విడుదల చేసిన బులెటిన్ దాచి జతచేయండి. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ బాపట్ల దగ్గర తీరం దాటినట్టు తేదీ, చోటు స్పష్టంగా ఉంటే గాలి ఉందా లేదా అన్న వాదన అక్కడే ఆగుతుంది.

సర్వేయరు వేసిన లెక్కలో వస్తువులు పాతబడినందుకు తరుగు ఎంత తీశారో అడిగి నకలు తీసుకోండి. డబ్బు తక్కువని అనిపిస్తే డిశ్చార్జి వోచర్ (ఇచ్చిన మొత్తానికి ఒప్పుకున్నట్టు రాసే కాగితం) మీద సంతకం పెట్టే ముందే ‘ఈ మొత్తానికి నేను ఒప్పుకోవడం లేదు’ అని ఈమెయిల్ పెట్టండి. కంపెనీకి రాతపూర్వక ఫిర్యాదు ఇచ్చాక నెలలోపు జవాబు రాకపోయినా, తిరస్కరించినా ఏడాదిలోగా హైదరాబాద్‌లోని ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ (బీమా ఫిర్యాదులు తేల్చే అధికారి) దగ్గరికి వెళ్లవచ్చు. ఆంధ్రప్రదేశ్ ఆ ఆఫీసు కిందికే వస్తుంది. 50 లక్షల దాకా తీర్పు ఇవ్వగలరు, ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు. 155255కి ఫోన్ చేసి బీమా నియంత్రణ సంస్థ దగ్గర కూడా ఫిర్యాదు నమోదు చేయవచ్చు.

ఎక్కడైనా న్యాయవాది అవసరం పడితే 15100కి ఫోన్ చేయండి. న్యాయ సేవల చట్టం 12వ సెక్షన్‌లో వరద బాధితులను విడిగా పేర్కొన్నారు. ముంపుకు సంబంధించిన మీ కేసుకు ఉచిత న్యాయవాదిని అడిగేటప్పుడు ఆదాయ ధ్రువపత్రం బదులు ముంపు నమోదు నకలు, నీటి చార ఫొటో చూపించండి.